పాత ఏటీవీని ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎంతవరకు సమంజసం?

పాతఇనుము: మూడేళ్ళుగా కదలకుండా పడి ఉన్న ఒక ఏటీవీని (మట్టిదారుల్లో నడిపే నాలుగు చక్రాల బండి) ఇటీవల కొన్నాను. చోక్ (గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే మీట) వేస్తే ఇంజిను అందుకుంటోంది, తీసేస్తే వెంటనే ఆగిపోతోంది. పెట్రోలును గాలితో కలిపి ఇంజినుకు అందించే కార్బురేటర్ విప్పి నేనే శుభ్రం చేయాలనుకుంటే, ఇది ఇంట్లో చేసే పని కాదని ఒక మిత్రుడు వారిస్తున్నాడు. అనుభవజ్ఞులు చెప్పగలరా?

గ్రీజుచేతులు: నిస్సంకోచంగా విప్పండి. మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి చూస్తే పైలట్ జెట్, అంటే ఐడిల్‌లో (యాక్సిలరేటర్ ఇవ్వనప్పుడు) ఇంజినుకు పెట్రోలు వదిలే చిన్న ఇత్తడి ముక్క, పూడుకుపోయి ఉండాలి. నిలవ ఉన్న పెట్రోలులో తేలిక భాగం ఆవిరై, మిగిలిన జిగురు అర మిల్లీమీటరు కన్నా సన్నని ఆ రంధ్రంలో పేరుకుపోతుంది. జెట్‌ను క్లీనర్‌లో నానబెట్టి, రాగి తీగలోని ఒక్క పోగును అందులోంచి దూర్చి, గాలి కొడితే సరిపోతుంది. ఇప్పటికి ఆరు బండ్లను ఇలాగే లేపాను.

ఓపికరాయుడు: జెట్‌లో తీగ దూర్చమని కొత్తవారికి చెప్పడం నాకు సమ్మతం కాదు. ఇత్తడి గీసుకుపోయి రంధ్రం రవ్వంత పెద్దదైనా ఐడిల్‌లో పెట్రోలు ఎక్కువై ప్లగ్ నల్లబడుతుంది, ఆ తర్వాత మిశ్రమం సర్దే స్క్రూ ఎంత తిప్పినా కుదరదు.

గ్రీజుచేతులు: నేను చెప్పింది రాగి పోగు గురించి, ఉక్కు తీగ గురించి కాదు. రాగి ఇత్తడి కన్నా మెత్తన. చదివి మాట్లాడితే బాగుంటుంది.

రెండోగేరు: కార్బురేటర్ సంగతి తర్వాత, ముందు ఇంజిను ఆయిల్ చూడండి. అది పాలరంగుకు తిరిగి ఉంటే లోపలికి నీరు చేరినట్లే.

ఓపికరాయుడు: చదివే మాట్లాడుతున్నాను. మీరు రాగి అంటారు, చదివినవారు చేతికి దొరికిన గుండుసూది దూరుస్తారు. ఇంట్లో పనులన్నీ ఇలాగే జరుగుతాయి. నేను కొన్న బండిని కూడా ఒక అభిరుచిపరుడే ఇంట్లో బాగుచేశాడు. ఇంజిను ఎంతో చక్కగా పలికింది. అయితే స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ చివర, నట్ ఊడకుండా ఆపే కాటర్ పిన్ అతడు మళ్ళీ వేయలేదు. ఆ నట్ క్రమంగా వదులై, ఒక దిగుడులో ఊడిపోయి, ఎడమ చక్రం తన దారిన తాను తిరిగింది. బండి నడుపుతున్న మా తమ్ముడికి మెడ ఎముక విరిగింది.

గ్రీజుచేతులు: మీ తమ్ముడికి జరిగినదానికి చింతిస్తున్నాను. కానీ ఎవరో మరచిన పిన్నును నా నెత్తిన రుద్దుతున్నారు. వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్‌ల దగ్గర ఉండవలసిన సన్నని సందు) సరిచేయమని నేను ఒక వర్క్‌షాపుకు ఇచ్చిన బండి రెండు నెలల తర్వాత తిరిగి వచ్చింది. పనికి డబ్బు తీసుకున్నారు గాని, వాల్వ్ మూతల బోల్టుల మీద రంగు చెదరనైనా లేదు. ఆ సందును కొలిచే ఫీలర్ గేజ్ కొనుక్కొని, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు ఆ పని చేయడం ఆ రోజే నేర్చుకున్నాను. వర్క్‌షాపులో చేయిస్తేనే భద్రమన్న మాటను ఇకపై నాకు చెప్పకండి.

ఓపికరాయుడు: ఆ మాట నేను అననే లేదు. ఒక్క ప్రశ్నకు జవాబివ్వండి. ఆరు బండ్లు లేపానన్నారు, ఇప్పుడు మీ దగ్గర ఎన్ని ఉన్నాయి?

గ్రీజుచేతులు: ఒకటి.

ఓపికరాయుడు: తక్కిన ఐదింటిలో ఏవి విప్పారో, వేటిని అసలు ముట్టుకోలేదో కొన్నవారికి చెప్పారా? మీ బండిని మీరు ఎలాగైనా బాగుచేసుకోండి, నాకు అభ్యంతరం లేదు. దానిమీద మరొకరు ఎక్కేటప్పుడే నా అభ్యంతరం మొదలవుతుంది.

గ్రీజుచేతులు: అడిగినవారికి అన్నీ చెప్పాను.

ఓపికరాయుడు: అడగాలని నాకు తెలియదు. ముందు చక్రాన్ని నేలనుంచి లేపి, పైనా కిందా పట్టుకొని ఊపితే చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే బాల్ జాయింట్, బేరింగుల వదులు తెలుస్తుందనీ, ఎడమా కుడీ పట్టుకొని ఊపితే టై రాడ్ వదులు బయటపడుతుందనీ ఆసుపత్రి వరండాలో కూర్చున్నాక నేర్చుకున్నాను. విప్పినవాడికి తెలిసిన సంగతిని కొన్నవాడు అడిగి రాబట్టుకోవాలా?

రెండోగేరు: ఒక కాగితం మీద రాసి ఇస్తే పోయేదేమీ లేదు కదా.

పాతఇనుము: అందరికీ ధన్యవాదాలు. ఆయిల్ శుభ్రంగానే ఉంది. జెట్‌ను వెలుతురుకు ఎత్తి చూస్తే రంధ్రంలోంచి వెలుతురే కనిపించలేదు, రాత్రికి నానబెడుతున్నాను. ముందు చక్రాలనూ లేపి ఊపి చూస్తాను. సిలిండర్‌లో ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ గేజ్ మాత్రం అనుకున్న దానికంటే తక్కువ చూపిస్తోంది, కంగారు పడాలా?

గ్రీజుచేతులు: కంగారు వద్దు. చాలా ఏటీవీల క్యామ్‌షాఫ్ట్ (వాల్వ్‌లను తెరిచే ఇరుసు) మీద, స్టార్టు తేలికయ్యేలా ఒత్తిడిని కొంత వదిలే డీకంప్రెషన్ అమరిక ఉంటుంది, దానివల్ల అంకె తక్కువ పలుకుతుంది. థ్రాటిల్ (యాక్సిలరేటర్) పూర్తిగా తెరిచి మరోసారి కొలవండి. ఓపికరాయుడు గారూ, ఈసారి అమ్మేటప్పుడు రాసి ఇవ్వడం గురించి ఆలోచిస్తాను. రాగి పోగు విషయంలో మాత్రం నా మాట మార్చుకోను.