సువంణగిరీతే... జొన్నగిరిలో ‘జొ’ ఎక్కడిది?

గుత్తికోట: “సువంణగిరీతే అయపుతస మహామాతాణం చ వచనేన...” (సువర్ణగిరి నుంచి రాజకుమారుడి, మహామాత్రులనే అధికారుల మాటగా...) అనే అశోకుడి శాసన వాక్యం పొద్దున్నుంచి నోట్లో నానుతోంది. ఆపైన ఇసిల అనే ఊరు, అక్కడివాళ్ల ఆరోగ్యం అడగడం గుర్తున్నాయి గానీ వరస తెలియట్లేదు. ఇంకోటి: ఈ సువంణగిరి మన జొన్నగిరే అనేవాళ్లు ‘సువంణ’లోంచి ‘జొ’ని ఎలా రాబట్టారు?

పాతపుస్తకం: అది కర్ణాటకలోని బ్రహ్మగిరి శాసనం పాఠం. సువర్ణ, సొణ్ణ, జొన్న. తేలిపోయిన విషయమే కదండీ.

నల్లరేగడి: సొణ్ణ దాకా ఒప్పుకుంటాను. కానీ బంగారు నాణెం పేరు ‘సొన్నాటంకం’లో స కదల్లేదే! నాణెం దగ్గర నిలిచిన స, కొండ దగ్గరికొచ్చేసరికి జ ఎందుకైంది? అది తినే జొన్నే, యావనాలం. కర్నూలు జిల్లాలో జొన్న పేరుతో ఊరుంటే వింతేముంది?

పాతపుస్తకం: మధ్యలో ‘చొన్న’ ఉండి ఉండాలి. సంధిలో చ సరళమైతే జ, గసడదవాదేశమైతే (క చ ట త పలు గ స డ ద వలైతే) స. రెండూ కుదిరాయి.

నల్లరేగడి: ఆ ‘చొన్న’ ఏ శాసనంలో ఉంది? వ్యాకరణం రాసిన చిన్నయసూరి గారిని గనిలోకి దింపకండి.

రాళ్లసంచి: అక్షరం మీరు చూసుకోండి, నేను రాయి చెబుతాను. బంగారం దొరికే కోలారు, రామగిరి, హట్టి, జొన్నగిరి మ్యాపులో పెట్టి చూడండి. అన్నీ గ్రానైటు, నైసు (చారల రాయి)ల మధ్య ఉత్తర దక్షిణాలుగా సాగిన సన్నని నల్లరాతి పట్టీల్లోనో, వాటి అంచునో ఉంటాయి. కోలారు పట్టీ 80 కి.మీ. పొడవు, వెడల్పు మాత్రం నాలుగైదు కిలోమీటర్లే. దాని దక్షిణపు కొస వైపే మన చిత్తూరు జిల్లా చిగురుగుంట ఉంది. అవి దాదాపు 270 కోట్ల ఏళ్ల నాటి లావాలు. తర్వాత నేల నొక్కుకుపోయి, రాయి కోసుకుపోయిన చోట్ల లోపలి వేడినీళ్లు పైకొచ్చాయి. వాటిలో బంగారం గంధకాన్ని పట్టుకుని కరిగి ఉంటుంది. నల్లరాతిలోని ఇనుము ఆ గంధకాన్ని లాక్కుని పైరైటు అవుతుంది. తోడు పోయిన బంగారం అక్కడే పలుగురాతి చారల్లో దిగబడుతుంది. అందుకే పలుగురాయి ఊరూరా ఉన్నా బంగారం అన్నిట్లో ఉండదు.

గుత్తికోట: అంటే జొన్నగిరిలోనూ నల్లరాతిలోనేనా?

రాళ్లసంచి: అక్కడే ఉంది తమాషా. జొన్నగిరిలో చెప్పుకోదగ్గ బంగారం పట్టీని ఆనుకున్న గ్రానైటు జాతి రాతిలో ఉంది. నొక్కుడు పడ్డప్పుడు మెత్తని రాయి వంగుతుంది, గట్టిది పగులుతుంది. పగిలితేనే కదా నీళ్లకు దారి! పాతకాలపు తవ్వకాల గుంటలు కూడా ఉన్నాయక్కడ. కాబట్టి నా ఓటు జొన్నగిరికే.

తుంగభద్ర: ఆ లెక్కన కర్ణాటకలోని మస్కి ఎందుకు కాకూడదు? అది హట్టి పట్టీలోనే ఉంది, అశోకుడి పేరున్న శాసనమూ ఉంది. 1915లో దాన్ని చూసింది బంగారం కోసం తిరుగుతున్న బీడన్ అనే మైనింగు ఇంజనీరు. పక్కన కనకగిరి ఉండనే ఉంది, పేరు కోసం ఏ అక్షరాన్నీ సాగదీయక్కర్లేదు.

పాతపుస్తకం: జొన్నగిరి పక్కన అశోకుడి శాసనాలున్న ఎర్రగుడి ఉంది, మరిచారా? ఆ శాసనాలను కనిపెట్టిందీ భూగర్భ శాస్త్రవేత్తే. ఇక ‘కనక’ తత్సమం, ‘సువంణ’ ప్రాకృతం. ప్రాకృతం పేరు అరిగిపోవాలి గానీ సంస్కృతంలోకి తర్జుమా అవుతుందా?

నల్లరేగడి: అవుతుంది. ఊరి పేర్లను సంస్కృతీకరించడం మనవాళ్లకు కొత్తా?

తుంగభద్ర: అదే నేననేది.

సీసపద్యం: సొన్నాటంకం మాటెత్తారు కాబట్టి అడుగుతున్నా. దీనారటంకాల తీర్థమాడిన శ్రీనాథుడు చివర్లో బొడ్డుపల్లెలో పొలం గుత్తకు పట్టి బాకీపడ్డ “టంకంబు లేడునూర్లు” బంగారువా, వెండివా? ఏడు నూర్ల బంగారు టంకాల శిస్తు ఏ పొలానికి వేస్తారు?

పాతపుస్తకం: ఆ చాటువు ఆయనదే అని ముందు ఒప్పించండి.

సీసపద్యం: “బిలబిలాక్షులు తినిపోయె తిలలు పెసలు” (పిట్టలు నువ్వులూ పెసలూ తినేశాయి) అని ఇంకెవరు రాయగలరండీ? చేను పోయినా ప్రాస పోలేదు మహానుభావుడికి.

నల్లరేగడి: అది సరే, అదే పద్యంలోని “గొడ్డేరి మోసపోతి”లో ఏరడం అంటే ఎంచుకోవడమా, దున్నడమా? గొడ్డునేల అని తెలిసీ ఎవరైనా ఎంచుకుంటారా?

సీసపద్యం: ఏరు (నాగలి) కట్టి దున్నడమే. మా వైపు ఇప్పటికీ ఏరు కట్టడం అంటారు.

పాతపుస్తకం: అలాగైతే అది ‘ఏరి’ ఎలా అవుతుంది? క్రియ చూపించండి.