కార్బన్ పోగు మీద కణజాలం: సర్ఫేస్ ట్రీట్‌మెంట్ ఒక్కటే సరిపోతుందా?

కాకినాడ పరిశోధక

అందరికీ నమస్కారం. తెగిన లిగమెంటు (కీలు దగ్గర ఎముకలను కలిపి పట్టే పట్టీ), దెబ్బతిన్న నరం, కొంత భాగం పోయిన ఎముక, వీటిలో కొత్త కణజాలం అల్లుకోవడానికి కార్బన్ ఫైబర్, అంటే కార్బన్ పోగు, ఒక ఆసరాగా పనికొస్తుందా అన్నది నా పరిశోధన అంశం. పోగు మందం సుమారు 7 మైక్రాన్లు, అంటే మన ఒంట్లోని చాలా కణాల కంటే సన్నం. తుప్పు పట్టదు. కరెంటు పారుతుంది. చిక్కంతా పైపొరతోనే. కొనుక్కొచ్చిన పోగుల కట్ట మీద కల్చర్ ద్రవం (కణాలు పెంచే ద్రవం) చుక్క వేస్తే గుండ్రంగా అలాగే నిలబడిపోతుంది. ఆక్సిజన్ ప్లాస్మా (విద్యుత్తుతో అయాన్లుగా మారిన ఆక్సిజన్ వాయువు) పట్టించిన కట్ట మీద వేస్తే క్షణంలో లోపలికి ఇంకిపోతుంది. తర్వాత కణాలు పోగు వెంబడి సాగి బారులు తీరడం మైక్రోస్కోపులో స్పష్టంగా కనిపిస్తుంది.

ఇది చూశాక మోకాలి లిగమెంటు మీదే పని చేయాలని నిశ్చయించుకున్నాను. మా విభాగంలో ఒక పెద్దాయన మాత్రం "మోకాలిలో కార్బన్ కథ ఎప్పుడో ముగిసింది" అంటున్నారు. పైపొరను మార్చే ట్రీట్‌మెంట్లు అప్పుడు లేనివి ఇప్పుడున్నాయి కదా, మళ్లీ ఎందుకు ప్రయత్నించకూడదు? ఎముకల డాక్టర్లు, మెటీరియల్స్ వాళ్లు చెప్పాలి.

అమలాపురం ఎముకల డాక్టరు

అమ్మా, ఆ పెద్దాయన చెప్పింది నిజం. 1977లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో డేవిడ్ జెంకిన్స్ బృందం జంతువుల్లో కార్బన్ పోగులు పెట్టి, వాటి చుట్టూ లిగమెంటు లాంటి కణజాలం పెరిగిందని చూపించింది. ఆ ఉత్సాహంలో మనుషుల మోకాళ్లలోనూ పెట్టారు. పోగులు చిట్లాయి. నలుసులు కీలులోకి చేరి లోపలి పొర నల్లబడింది, వాచింది. దగ్గరి లింఫ్ గ్రంథుల్లోనూ నల్లటి నలుసులు కనిపించాయి. అమెరికాలో పాలీలాక్టిక్ ఆమ్లం పూత పూసి చూశారు. ఆ పూత ఒంట్లో కరిగిపోయే రకం. అది కరిగాక మిగిలేది మళ్లీ ఆ పెళుసు పోగే. చవుడు పట్టిన గోడకు ఎన్నిసార్లు సున్నం కొడితే ఏం లాభం?

నా దగ్గరికి మోకాలి లిగమెంటు తెగి వచ్చే కబడ్డీ కుర్రాళ్లకు వాళ్ల తొడ వెనక స్నాయువునే తీసి అమరుస్తున్నాం. అది బతికిన కణజాలం, కాలం గడిచే కొద్దీ ఎముకతో కలిసిపోతుంది. అంతకంటే మేలైనదని రుజువు కాకుండా ఒక కుర్రాడి మోకాలిలో నల్లపోగు పెట్టడానికి నా చెయ్యి రాదు.

భీమవరం మెటీరియల్స్ మాస్టారు

డాక్టరు గారు చెప్పిన చరిత్రలో తప్పు లేదు. అయితే అందులోంచి "కార్బన్ పనికిరాదు" అని తేల్చడం తొందరపాటు. అక్కడ విఫలమైంది కార్బన్ ఉపరితలమా, కార్బన్ పోగా, దాన్ని పెట్టిన చోటా? ఈ మూడింటినీ విడదీయకుండా వాదిస్తే ఎవరూ ఎటూ తేల్చలేరు.

ముందు ఉపరితలం సంగతి. పాలీయాక్రిలోనైట్రైల్ దారాన్ని గాలిలో 200 నుంచి 300 డిగ్రీల దగ్గర స్థిరపరిచి, తర్వాత నైట్రోజన్‌లో వెయ్యి డిగ్రీలు దాటించి కాలిస్తే కార్బన్ పోగు వస్తుంది. అంత వేడికి మిగతా మూలకాలు చాలావరకు పోయి కర్బనం పొరలు మిగులుతాయి. నీటిని, ప్రోటీన్‌ను పట్టుకునే ఆక్సిజన్ గుంపులు ఆ పొరల మీద చాలా తక్కువ. పైగా విమానాలకూ సైకిళ్లకూ అమ్మే పోగుకు సాధారణంగా ఎపాక్సీ సైజింగ్ (పలచని జిగురు పూత) పూసి ఉంటుంది. పరిశోధక గారూ, ఇది మీకే. ఆ సైజింగ్‌ను అసిటోన్‌తో పూర్తిగా కడగకుండా కణాలు పెంచితే మీరు పరీక్షిస్తున్నది కార్బన్‌ను కాదు, జిగురును. చుక్క నిలబడిందంటే అందులో కార్బన్ పాలెంత, సైజింగ్ పాలెంత? ముందు ఇది తేల్చండి.

ఇక ట్రీట్‌మెంట్లు. గాఢ నైట్రిక్ ఆమ్లంలో మరిగిస్తే కార్బాక్సిల్, హైడ్రాక్సిల్ అనే ఆక్సిజన్ గుంపులు బాగానే వస్తాయి కానీ ఎక్కువసేపు ఉంచితే పోగు మీద గుంటలు పడతాయి. తెగడం ఆ గుంటల దగ్గరే మొదలవుతుంది. ప్లాస్మా శుభ్రమైన పద్ధతి. దాని ప్రభావం పైన కొన్ని నానోమీటర్ల లోతుకే ఉంటుంది కాబట్టి పోగు బలం పెద్దగా పోదు. కానీ ఆ గుణం గాలిలో రోజులు గడిచే కొద్దీ తగ్గుతుంది, ప్లాస్మా పట్టించిన రోజే వాడాలి. నాకు నచ్చేది పోగునే ఆనోడుగా (ధనధ్రువంగా) పెట్టి అమ్మోనియం బైకార్బనేట్ ద్రావణంలో కరెంటు పంపే పద్ధతి. పరిశ్రమలో ఏళ్లుగా నడుస్తున్నది, మోతాదు చేతిలో ఉంటుంది.

ఇవన్నీ చేసేది ఒకటే. రక్తంలోని ఫైబ్రోనెక్టిన్ లాంటి ప్రోటీన్లు సరైన భంగిమలో అంటుకునేలా చూడటం. కణం పట్టుకునేది కార్బన్‌ను కాదు, ముందుగా అంటుకున్న ఆ ప్రోటీన్ పొరను. కాబట్టి ట్రీట్‌మెంట్ వల్ల ఉపయోగం లేదనలేం. ఎముక విషయంలో అయితే కార్బాక్సిల్ గుంపులు కాల్షియం అయాన్లను లాగి ఎముకలోని ఖనిజమైన హైడ్రాక్సీ ఎపటైట్ పొర ఏర్పడటానికి దోహదం చేస్తాయి.

కానీ మామూలు కార్బన్ పోగు సుమారు ఒకటిన్నర శాతం సాగితే తెగిపోతుంది. మోకాలి లిగమెంటు పది శాతం సాగినా తట్టుకోగలదు. ఈ తేడాను ఏ ప్లాస్మా కూడా పూడ్చలేదు. మైక్రోస్కోపు కింద ఒక్క పోగును చిన్న ఉచ్చుగా వేసి మెల్లగా బిగించి చూడండి. కొంతవరకు ముద్దుగా వంగుతుంది, ఆ తర్వాత ఏ సూచనా లేకుండా ఫట్టున తెగి ముక్కలు ఎగిరిపోతాయి. మోకాలు రోజూ చేసేది ఆ బిగింపే. లోపం అక్కడుంది. అందుకని పోగును మోకాలిలోంచి బయటికి తీసి, వంగని చోట పెట్టాలంటాను.

పాలకొల్లు రొయ్యల వ్యాపారి

నేను శాస్త్రవేత్తను కాదు, రొయ్యల ప్రాసెసింగ్ పని చేస్తాను. మా దగ్గర తలకాయలు, పొట్టు టన్నుల్లో మిగులుతాయి. దాని నుంచి తీసే కైటోసాన్ గాయాల పట్టీలకు వాడతారని విన్నాను. దీన్ని ఈ కార్బన్ పోగుకు పూయడం కుదురుతుందా? కుదిరితే మన జిల్లా సరుకు మన కాలేజీలోనే వాడినట్టవుతుంది.

భీమవరం మెటీరియల్స్ మాస్టారు

మంచి ప్రశ్న అడిగారండీ. కుదురుతుంది. ఆక్సీకరణ చేసిన పోగు మీద కార్బాక్సిల్ గుంపులకు రుణావేశం, పలచని ఎసిటిక్ ఆమ్లంలో కరిగిన కైటోసాన్‌కు ధనావేశం. రెండూ వాటంతట అవే అంటుకుంటాయి. కణాలకూ కైటోసాన్ పడుతుంది.

అయితే గాయం పట్టీ వేరు, ఒంటి లోపల ఉండిపోయేది వేరు. పొట్టును ఆమ్లంతో కడిగి ఖనిజం తీయాలి, క్షారంతో ప్రోటీన్ తీయాలి, తర్వాత ఇంకా గాఢమైన క్షారంతో ఎసిటైల్ గుంపులు తీయాలి. రొయ్య ప్రోటీన్ మిగిలితే అలర్జీ, బాక్టీరియా ఎండోటాక్సిన్ (విషపదార్థం) మిగిలితే జ్వరం, వాపు. ఎండలో రెండు రోజులు ఆరిన పొట్టు ఇందుకు పనికిరాదు. ఐసులో పెట్టి అదే రోజు అందించగలిగితేనే మొదలుపెట్టాలి.

అమలాపురం ఎముకల డాక్టరు

మాస్టారూ, మోకాలి విషయంలో మనిద్దరిదీ ఒకే మాట అయింది, సంతోషం. మరి "వంగని చోటు" అంటే ఏది? ఎముకకు సంబంధించి పీక్ (PEEK) అనే గట్టి ప్లాస్టిక్‌లో కార్బన్ పోగు కలిపిన ప్లేట్లు, స్క్రూలు ఇప్పటికే ఉన్నాయి. ఎక్స్‌రేలో అడ్డు రావు, రేడియేషన్ చికిత్సకు వీలుగా ఉంటాయి, గట్టిదనం టైటానియం కంటే ఎముకకు దగ్గర. వాటికి నేను వ్యతిరేకిని కాను. అక్కడ పోగు ప్లాస్టిక్ లోపల బందీగా ఉంటుంది. మీరు చెబుతున్నది విడి పోగుల సంగతి.

కాకినాడ పరిశోధక

సార్, నరం గురించి ఏమంటారు? కోనసీమలో కొబ్బరి దింపు కార్మికులు చెట్టు మీంచి పడి చేతి నరాలు తెగి వస్తారని మీకే బాగా తెలుసు. ఇప్పుడు కాలి నుంచి సూరల్ నరం తీసి అతుకుతున్నారు, దాంతో పాదం పక్కన స్పర్శ పోతుంది. నరపు కణం తీగకు కావలసింది పట్టుకుని పాకడానికి ఒక దారి. 7 మైక్రాన్ల పోగు ఆ దారి చూపగలదు, పైగా విద్యుత్ ప్రేరణ ఇవ్వడానికీ పనికొస్తుంది. చేతి నరం మోకాలి లిగమెంటు అంత బరువు మోయదు కదా.

అమలాపురం ఎముకల డాక్టరు

బరువు మోయదు, కానీ కదులుతుంది. మణికట్టు, మోచెయ్యి వంచినప్పుడల్లా నరం జారుతుంది. సిలికాన్ గొట్టాలతో ఏమైందో చదవండి. నరం పెరిగింది కానీ గొట్టం కరగక నరాన్ని నొక్కేసింది. కొందరికి మళ్లీ కోసి తీయాల్సి వచ్చింది. కార్బన్ కూడా కరగదు.

దింపు కార్మికుల పేరెత్తారు కాబట్టి చెబుతున్నాను. నా దగ్గరికి వచ్చిన ఒక మనిషికి చెయ్యి బాగయిందని చెప్పాక అతను అడిగిన మొదటి మాట, మోకు పట్టుకోగలనా అని. పట్టు తిరిగి రావాలి. అది రాకుండా కణాలు ఎంత బాగా బారులు తీరినా అతనికి ఒరిగేదేమీ లేదు.

భీమవరం మెటీరియల్స్ మాస్టారు

అందుకే గొట్టం కరిగేదై ఉండాలి, లోపల పోగులు కొద్దిగా మాత్రమే ఉండాలి. గొట్టం నిండా కూరితే నరానికి చోటేది?

అమ్మా, నా సలహా ఒకటే. ట్రీట్ చేసిన పోగు మీద కణాలు లెక్కపెట్టి అక్కడితో ఆపవద్దు. ముందు ఆ పోగును ఉప్పు ద్రావణంలో, 37 డిగ్రీల దగ్గర, కీలు కదిలినట్టే వేల సార్లు వంచండి. ద్రావణాన్ని వడకట్టి నలుసులు చూడండి. పూత ఇంకా ఉందో, ఎక్స్‌పీఎస్‌లో (పైపొరలోని మూలకాలను ఎక్స్‌రేతో కొలిచే పరీక్షలో) ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూడండి. ఆ తర్వాతే దాని మీద కణాలు పెంచండి. కొత్తగా ట్రీట్ చేసిన పోగు మీద అందరికీ మంచి బొమ్మలే వస్తాయి. వాడుకలో అరిగాక వచ్చే బొమ్మ ఏదో అదే డాక్టరు గారికి చూపించాల్సింది.

కాకినాడ పరిశోధక

వంచే యంత్రం మా మెకానికల్ ల్యాబులో అమర్చుకోవచ్చు. సైజింగ్ తీసిన పోగు, తీయని పోగు, ప్లాస్మా, ఆనోడిక్, ఆనోడిక్ మీద కైటోసాన్, ఇలా వేరువేరుగా చేస్తాను. మోకాలిని ప్రతిపాదనలోంచి తీసేస్తున్నాను, నరం ఉంచుతున్నాను.

అమలాపురం ఎముకల డాక్టరు

ఇంకొక్కటి కూడా చేర్చండి. 2017 మెడికల్ డివైజెస్ నిబంధనల ప్రకారం ఒంట్లో ఉండిపోయే ఇంప్లాంట్లు ఎక్కువ ప్రమాదమున్న సీ, డీ తరగతుల కిందికి వస్తాయి. అక్కడ మిమ్మల్ని తప్పకుండా అడిగే ప్రశ్న ఇది: చీము పట్టి తీసేయాల్సి వస్తే ఎలా తీస్తారు? మీ ట్రీట్‌మెంట్ ఎంత బాగా పనిచేస్తే కణజాలం పోగును అంత గట్టిగా పట్టుకుంటుంది, తీయడం అంత కష్టమవుతుంది. నరం చీలకుండా పోగు తీసే పద్ధతి జంతువులో చేసి చూపించే దాకా నేను ఒప్పుకోను.

భీమవరం మెటీరియల్స్ మాస్టారు

దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. పోగుల చివరలు నరంలో ముగియకుండా గొట్టం బయటికి వచ్చేలా కట్టవచ్చు, కానీ మధ్యలో అల్లుకున్న భాగాన్ని లాగితే ఏమవుతుందో చెప్పలేం. వంపు పరీక్షతో పాటే లాగే పరీక్ష కూడా పెట్టండమ్మా. కణాలు పెరిగిన జెల్‌లోంచి పోగును బయటికి లాగడానికి ఎంత బలం కావాలో ట్రీట్ చేసిన దానికీ చేయని దానికీ పోల్చి కొలవండి. ఆ అంకె వస్తే డాక్టరు గారితో మళ్లీ మాట్లాడదాం.