హార్డ్‌నెస్ ఎక్కువుంటే ఇంటింటికీ ఆర్వో తప్పదా?

శివారువాసి:
మాది నగరాన్ని ఆనుకున్న ఊరు. పేరుకు గ్రామమే గానీ చుట్టూ అపార్టుమెంట్లు లేచాయి. కుళాయిలో ఒకరోజు నది నీళ్లు, ఒకరోజు బోరు నీళ్లు, ఒక్కోసారి రెండూ కలిపి వదులుతారు. నది నీళ్లొచ్చిన రోజు సబ్బు ఇట్టే నురగ కడుతుంది. బోరు రోజు ఎంత రుద్దినా బకెట్లో తెల్లటి తెట్టు తేలడమే. గీజరు కాయిలు రెండేళ్లలో రెండుసార్లు పోయింది. విప్పి చూస్తే దాని చుట్టూ సున్నం పెంకు కట్టి ఉంది. ల్యాబులో ఇస్తే హార్డ్‌నెస్ లీటరుకు 430 మిల్లీగ్రాములు, టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన మొత్తం ఉప్పులు, 780 అని రాసిచ్చారు. కాలనీలో సగంమంది ఇంటింటికీ ఆర్వో అంటున్నారు, మిగతావాళ్లు ఊరంతటికీ ఒకే సాఫ్ట్‌నర్ ప్లాంటు అంటున్నారు. ఇంతకీ ఈ నీళ్లు తాగితే కిడ్నీలో రాళ్లొస్తాయా?

మేడమీదిట్యాంకు:
అడగాలా అండీ? గీజరులో అంత పెంకు కట్టిన నీళ్లు ఒంట్లో ఊరుకుంటాయా? ఆర్వో పెట్టించుకోండి. మా ఇంటికి మిషను అమ్మడానికొచ్చినాయన రెండు గ్లాసుల్లో కరెంటు కడ్డీలు పెట్టి చూపించాడు. కుళాయి నీళ్లు బురదలా గోధుమరంగుకు తిరిగాయి. ఆర్వో నీళ్లు అద్దంలా అలాగే ఉన్నాయి. కళ్లారా చూశాక ఇంకేం కావాలి?

పాతకెమిస్ట్రీ:
ట్యాంకు గారూ, ఆ బురద నీళ్లలోది కాదు, కడ్డీలది. ఉప్పులున్న నీళ్లలో కరెంటు పారుతుంది, కడ్డీలోని ఇనుము కరిగి తుప్పుగా దిగుతుంది. ఆర్వో నీళ్లలో ఉప్పులు దాదాపు ఉండవు, కరెంటు పారదు, అందుకే అద్దం. ఈసారి ఆయనొస్తే ఆర్వో గ్లాసులో చిటికెడు ఉప్పు వేయమనండి. అదీ గోధుమరంగుకే తిరుగుతుంది. పాతికేళ్లుగా తిరుగుతున్న గారడీ ఇది.

శివారువాసి గారూ, హార్డ్‌నెస్ అంటే కాల్షియం, మెగ్నీషియం. 180 దాటితే బాగా కఠినమైన నీళ్ల కిందే లెక్క, కాబట్టి మీ 430 గట్టిదే. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ హార్డ్‌నెస్‌కు ఆరోగ్యపరమైన హద్దేమీ పెట్టలేదు. గీజరులో పెంకు కట్టేది వేడికి బైకార్బొనేటు విడిపోయి కార్బొనేటుగా దిగడంవల్ల. కడుపులో నీళ్లు మరగవు కదా! రాళ్ల సంగతంటారా, కఠిన జలమే కారణమని గట్టిగా తేలలేదు. నీళ్లు తక్కువ తాగడం మాత్రం కచ్చితంగా కారణమే. రుచి బాలేదని తాగడం మానేస్తున్నారేమో, ముందు అది చూసుకోండి.

ఇద్దరుపిల్లలఅమ్మ:
మీరంతా తాగడం గురించే మాట్లాడుతున్నారు. మా చిన్నదానికి ఒళ్లంతా దురద, ఎగ్జిమా. ఈ నీళ్లవల్లేనని అందరూ అంటున్నారు. మరి సాఫ్ట్‌నర్ పెడితే తగ్గదా?

పాతకెమిస్ట్రీ:
కఠిన జలం వాడే చోట్ల పిల్లల్లో ఎగ్జిమా కాస్త ఎక్కువ కనిపించిన మాట నిజమేనమ్మా. కానీ ఇంగ్లండులో 336 మంది పిల్లలతో సాఫ్ట్‌నర్లు పెట్టి పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. చర్మం తీరులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నేనైతే ముందు సబ్బు మార్చి చూస్తాను. నురగ రాలేదని సబ్బు ఎక్కువ రుద్దుతాం, ఆ తెట్టు చర్మానికి అంటుకునే ఉంటుంది.

ప్లాంటు పక్షంవాళ్లకూ ఒక మాట. సాఫ్ట్‌నర్ కాల్షియాన్ని తీసి ఆ చోట సోడియం పెడుతుంది. 430 మొత్తం తీసేస్తే లీటరుకు దాదాపు 200 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది, నాలుకకు ఉప్పదనం తెలిసే దరిదాపుల్లోకి. బీపీ ఉన్నవాళ్లకు అది లెక్కే. గీజరుకు, వాషింగ్ మెషీనుకు వెళ్లే పైపు వరకైతే సాఫ్ట్‌నర్ భేషైన పని. వంటింటి కుళాయికి వద్దు.

మేడమీదిట్యాంకు:
గారడీ సంగతి ఒప్పుకున్నా. అయినా మా ఆర్వో నీళ్లు రుచిగా ఉన్నాయి, టీడీఎస్ మీటరు 40 చూపిస్తోంది. మంచివే కదా?

బావిగట్టు:
ఆ మీటరు కొలిచేది కరెంటు ఎంత పారుతోందన్నదే. మురుగులోని క్రిములు దానికి కనబడవు, ఆర్సెనిక్ పదిరెట్లు ఎక్కువున్నా కనబడదు. పైగా మామూలు ఇంటి ఆర్వో ఒక లీటరు ఇచ్చి రెండు మూడు లీటర్లు పారబోస్తుంది. బోర్లు ఏటేటా లోతుకు పోతున్న ఊళ్లో ఇంటింటికీ అదే పెడితే ఎండాకాలం ఏం తాగుతారు? నన్నడిగితే వదిలిన నీళ్లలో క్రిములను చంపే క్లోరిన్ మిగిలి వస్తోందా, ఆరా తీయండి. రోజుకో గంట వదిలే పైపుల్లో మిగతా వేళ పీడనం ఉండదు, పగులున్న చోట పక్క కాలవ నీళ్లు లోపలికి పీల్చుకుంటాయి.

శివారువాసి గారూ, మీ రిపోర్టులో రెండు అంకెలే చెప్పారు. నైట్రేటు వరుసలో ఏముంది?

శివారువాసి:
ఇప్పుడే తీసి చూశాను. నైట్రేటు 71. హార్డ్‌నెస్ పక్కన ఎర్ర గీత ఉంటే దాన్నే చూశాను గానీ ఇది పట్టించుకోలేదు. ఎక్కువా?

బావిగట్టు:
ఎక్కువే. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు 50. ఇంట్లో పాలసీసా తాగే పసిబిడ్డ ఉంటే పాలపొడి ఈ నీళ్లలో కలపొద్దు. రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తి తగ్గి బిడ్డ నీలిరంగుకు తిరిగే ప్రమాదం ఉంది. కాచినా పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పటిక తిప్పినా లాభం లేదు.

మేడమీదిట్యాంకు:
సాఫ్ట్‌నర్ తీయదా మరి?

పాతకెమిస్ట్రీ:
మామూలు సాఫ్ట్‌నర్ తీయదు. ఆర్వో చాలావరకు తీస్తుంది. ట్యాంకు గారు గెలిచారనుకోండి, కారణం మాత్రం వేరు! అందులోనూ తాగే నీళ్లకు, బిడ్డ పాలకు వరకే. నది నీళ్లొచ్చిన రోజు విడిగా పరీక్ష చేయించండి, అందులో నైట్రేటు తక్కువుంటే ఆ రోజు పట్టి దాచుకున్నా సరిపోవచ్చు. నాకు అర్థంకానిది ఒక్కటే, ఆ బోరు ఎక్కడుంది? నైట్రేటు దిగేలా చుట్టుపక్కల ఎరువులు చల్లే పొలాలున్నాయా, లేక సెప్టిక్ ట్యాంకులా?

శివారువాసి:
మా అక్క కూతురు పురిటికి వచ్చి ఇక్కడే ఉంది, బాబుకు మూడు నెలలు. పోతపాలే. ఈ రాత్రికి నీళ్లు బయటినుంచి తెప్పిస్తున్నాను. బోరు సంగతి చూసి వచ్చాను. కొత్త అపార్టుమెంటు వెనక గోడకు, సెప్టిక్ గుంటకు మధ్యలో ఉంది. గుంట నుంచి బోరుకు అడుగులు లెక్కపెట్టాను, పద్నాలుగు. రేపు ఆ కాగితం పట్టుకుని పంచాయతీకి వెళ్తున్నాను. కొత్తగా ఏం పరీక్షలు రాయించుకోవాలో చెప్పండి.

బావిగట్టు:
ఇ కోలి (మురుగు కలిసిందని చెప్పే క్రిమి), నైట్రేటు, ఫ్లోరైడు, మిగిలిన క్లోరిన్. క్రిముల పరీక్షకు సీసా ల్యాబు వాళ్లే ఇస్తారు, ఇంట్లో సీసా కడిగి పట్టుకెళ్లొద్దు. బోరు దగ్గర ఒకటి, మీ కుళాయి దగ్గర ఒకటి, రెండు నమూనాలు పట్టించండి. క్లోరిన్ మాత్రం కుళాయి దగ్గరే నిలబడి కొలిపించండి, దారిలో ఎగిరిపోతుంది.