మరిదికి స్కిజోఫ్రీనియా. మా అబ్బాయికి జన్యు పరీక్ష చేయించాలా?

ప్రశ్న: మా మరిదికి మందులు మార్చి మార్చి వాడినా కుదుటపడలేదు. ఇప్పుడు ఈసీటీ, అదే షాక్ ట్రీట్‌మెంట్, ఇద్దామంటున్నారు. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. ఉమ్మి పంపితే మానసిక జబ్బు వస్తుందో రాదో చెప్తామన్న ల్యాబ్ యాడ్ చూసి మా అత్తగారు ఒకటే పోరు. చేయించమంటారా?

జవాబు: వద్దక్కా, దండగ. హంటింగ్టన్ అనే మెదడు జబ్బయితే ఒక్క జన్యువు చూసి చెప్పేయొచ్చు. స్కిజోఫ్రీనియా అలా కాదు. 2022లో వచ్చిన పెద్ద అధ్యయనంలో జన్యువుల్లో 287 చోట్ల దానికి సంబంధం కనబడింది, ఒక్కోదాని ప్రభావం రవ్వంత. అవన్నీ కూడి ముప్పు ఎంతో ఓ స్కోరు వేస్తారు. ఆ లెక్కలేమో ఎక్కువగా యూరప్ మూలాలవాళ్ల మీద కట్టినవి, మనవాళ్లకు సరిగ్గా అతకవు. అచ్చంగా ఒకే జన్యువులున్న కవలల్లో ఒకరికొస్తే రెండోవారికి రావడం సగం కంటే తక్కువే. మామూలుగా నూటికి ఒకరికి వచ్చే జబ్బు, బాబాయికి ఉంటే ఇంచుమించు నలుగురికి. అంటే తొంభై ఆరుగురికి రాదు, అది అత్తగారికి చెప్పండి. బాబుని గంజాయి జోలికి మాత్రం పోనివ్వకండి. ఈ వయసులో, ఇలాంటి కుటుంబంలో, దాంతో ముప్పు నిజంగా పెరుగుతుంది.

మరిదిగారి సంగతి వేరు. రిస్పెరిడోన్ లాంటి మందుని కాలేయంలో కరిగించే సీవైపీ2డీ6 ఎంజైము కొందరిలో మందకొడిగా ఉంటుంది, మందు ఒంట్లో పేరుకుంటుంది. ఆ ఎంజైముకి చేసే జన్యు పరీక్ష డోసు సరిచూసుకోవడానికి పనికొస్తుంది. ఏ మందుతో జబ్బు తగ్గుతుందో మాత్రం అది చెప్పదు. డాక్టరు అడిగితేనే చేయించండి.

ఇంకొకరు: నేను మత్తు విభాగంలో పనిచేస్తాను. అడుగుతున్నానని ఏమీ అనుకోకండి, మీరు ఆర్యవైశ్యులా? ఈసీటీకి ముందు కండరాలు వదులు కావడానికి స్కోలిన్ ఇస్తారు. మామూలుగా నిమిషాల్లో దిగిపోతుంది. దాన్ని ఒంట్లో కరిగించే ఎంజైము సూడోకోలినెస్టరేజ్ లోపం ఉన్నవాళ్లకు గంటలపాటు దిగదు, అంతసేపూ వెంటిలేటరే. వంశపారంపర్యంగా వచ్చే ఆ లోపం ఆర్యవైశ్యుల్లో ఎక్కువ. ముందే తెలిస్తే వేరే మందు వాడతారు. మామూలు రక్తపరీక్ష చాలు.

ప్రశ్న వేసినవారు: ఆర్యవైశ్యులమేనండీ! మా మామగారికి హెర్నియా ఆపరేషన్ అయ్యాక తెల్లవార్లూ మిషన్ మీదే ఉంచారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు.

ఇంకొకరు: అయితే ఈసీటీకి ముందే ఆ ముక్క మత్తు డాక్టరుగారి చెవిన వేయండి. మామగారి డిశ్చార్జ్ సమ్మరీ ఉంటే పట్టుకెళ్లండి. మరిదిగారికే కాదు, మీవారికీ బాబుకీ కూడా ఆ రక్తపరీక్ష చేయించండి.