ల్యాప్‌టాప్ ఆన్ అవుతోంది, తెర మాత్రం నల్లగా ఉంది: బోర్డు మార్చే ముందు ఏమేమి పరీక్షించాలి?

గణితం_మాస్టారు:

అందరికీ నమస్కారం. నేను విజయనగరం దగ్గర ఒక జూనియర్ కళాశాలలో గణితం బోధిస్తున్నాను. నా ల్యాప్‌టాప్ తెర 15.6 అంగుళాలది, విండోస్ 11 ఉంది, 8 జీబీ ర్యామ్ ఉంది, వారంటీ గడువు ముగిసిపోయింది. నిన్న సాయంత్రం ప్రశ్నపత్రం టైపు చేస్తూ, పక్కనున్న సహోద్యోగికి కనబడేలా తెరను కొంచెం వెనక్కి వంచగానే అది ఒకసారి మిణుకుమని పూర్తిగా నల్లబడిపోయింది. పవర్ బటన్ దీపం వెలుగుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, క్యాప్స్ లాక్ నొక్కితే దాని దీపం వెలిగి ఆరుతోంది. కాసేపటికి మెయిల్ వచ్చిన చప్పుడు కూడా వినిపించింది. ఆపి మళ్లీ ఆన్ చేసినప్పుడు కంపెనీ లోగో సైతం రాలేదు.

ఊళ్లో ఒక దుకాణానికి తీసుకువెళితే, పైనుంచి చూసి, బోర్డు (భాగాలన్నీ కలిసే ప్రధాన పలక, మదర్‌బోర్డు) పోయింది, మార్చాలి అన్నారు. వారు చెప్పిన మొత్తం కొత్త ల్యాప్‌టాప్ ధరలో సగానికి దగ్గరగా ఉంది. అంత ఖర్చు పెట్టే ముందు, లోపం నిజంగా బోర్డులోనే ఉందో లేదో ఇంట్లోనే, మూత విప్పకుండా తెలుసుకునే మార్గాలు ఉన్నాయా? రెండో సంవత్సరం ఇంటర్ విద్యార్థుల కోసం తయారుచేసుకున్న ప్రశ్నల నిధి అంతా ఇందులోనే ఉంది. అన్నిటికంటే ముందు దానిని ఎలా బయటికి తీసుకోవాలో చెప్పగలరు.

కృష్ణాతీరం:

మాస్టారూ, మా ఇంట్లో ఇలాగే తెర రానప్పుడు అడుగు మూత విప్పి, ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ గట్టిగా బిగించాము. వెంటనే పనిచేసింది. పైసా ఖర్చు లేని పని కనుక ముందు ఇది చేసి చూడండి.

బోర్డు_బెంచ్:

ర్యామ్ సంగతి తరువాత చూద్దాం. మాస్టారు చెప్పిన లక్షణాలకు అది సరిపోదు. ర్యామ్ సరిగా అందకపోతే యంత్రం మొదటి మెట్టులోనే ఆగిపోతుంది. కొన్నిటిలో బీప్ శబ్దాలు వస్తాయి, కొన్నిటిలో దీపం ఒక లెక్క ప్రకారం మిణుకుతుంది. ఇక్కడ క్యాప్స్ లాక్ దీపం చెప్పినట్టు వింటోంది, మెయిల్ చప్పుడు వచ్చింది. అంటే ప్రాసెసర్, ర్యామ్, డిస్క్, విండోస్ అన్నీ నడుస్తున్నాయి. కాబట్టి ఏ పరీక్షా చేయకుండా బోర్డు మొత్తం పోయిందనడం సరైన నిర్ధారణ కాదని నేను ధైర్యంగా చెప్పగలను. చిప్ లెవెల్ సర్వీసు, అంటే బోర్డు మీది చిన్న భాగాలను విడిగా బాగుచేసే పనిలో ఉన్నవాడిగా ఈ విషయం నన్ను బాధిస్తుంది. తెర రాలేదంటే బోర్డు అనే మాట వల్ల బాగు చేయదగిన యంత్రాలెన్నో పాత సామాన్లలోకి పోతున్నాయి.

బొమ్మ తెర మీదికి ఎలా వస్తుందో తెలిస్తే పరీక్షల వరుస దానంతటదే అర్థమవుతుంది. గ్రాఫిక్స్ భాగం బొమ్మను తయారుచేస్తుంది. అది బోర్డు మీది కనెక్టర్ నుంచి సన్నని తీగల కట్టగా ఉండే డిస్‌ప్లే కేబుల్ ద్వారా, మూత తిరిగే కీలు పక్కగా పైకి వెళ్లి, ప్యానెల్ వెనుక భాగంలో కలుస్తుంది. అదే కేబుల్‌లో ప్యానెల్ వెనుక నుంచి వెలుగునిచ్చే ఎల్ఈడీ బ్యాక్‌లైట్‌కు కావలసిన కరెంటు కూడా వెళుతుంది. ఈ దారిలో గ్రాఫిక్స్, కేబుల్, ప్యానెల్, బ్యాక్‌లైట్, వీటిలో ఏది తెగినా మనకు కనిపించేది ఒకే నల్లటి తెర. ఏది తెగిందో విడదీయడమే అసలు పని.

మొదట చార్జర్ తీసివేసి, యూఎస్‌బీకి తగిలించినవన్నీ తీసివేసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. బ్యాటరీ బయటికి వచ్చే రకమైతే దానినీ తీసి ఇలా చేయాలి. లోపల మిగిలిన విద్యుత్తు పోయి, చిక్కుకుపోయిన కంట్రోలర్లు మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి. తరువాత చార్జర్ పెట్టి ఆన్ చేసి, విండోస్ వచ్చేంత సేపు ఆగి, విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి మీటలను ఒకేసారి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ (గ్రాఫిక్స్ భాగాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్) తిరిగి మొదలై, ఒక చిన్న బీప్ వినిపిస్తుంది. ఆ బీప్ వచ్చి తెర రాకపోతే విండోస్ బతికే ఉందన్న రుజువు మరొకటి దొరికినట్టే.

రెండోది టార్చి పరీక్ష. గదిలో దీపాలు ఆర్పి, ల్యాప్‌టాప్ ఆన్‌లో ఉండగా ఫోన్ టార్చిని తెరకు దగ్గరగా, ఏటవాలుగా పట్టి, అక్కడక్కడా జరుపుతూ చూడండి. చీకట్లో గోడ మీది పాత రాతలా మసకగా అక్షరాలో, గడియారమో కనిపిస్తే బొమ్మ ప్యానెల్ దాకా వస్తోందని, వెలుగు మాత్రమే పోయిందని అర్థం. అప్పుడు అనుమానం బ్యాక్‌లైట్ మీద, దానికి కరెంటు ఇచ్చే లైను మీద, బోర్డు మీద ఆ లైనులో ఉండే చిన్న ఫ్యూజు మీద నిలుస్తుంది. ఆ ఫ్యూజే పోయి ఉంటే నేర్పున్నవారికి అది చిన్న పని, బోర్డు మార్చనక్కర లేదు. ఏమీ కనిపించకపోతే బొమ్మే రావడం లేదన్నమాట. ఓఎల్ఈడీ తెరలకు వేరే బ్యాక్‌లైట్ ఉండదు కనుక ఈ పరీక్ష వాటికి వర్తించదు.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది: హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ఇంట్లోని టీవీకి కలపండి. చాలాసార్లు బొమ్మ దానంతటదే వస్తుంది. రాకపోతే విండోస్ మీటతో పాటు పి నొక్కి, కింది బాణం ఒకసారి నొక్కి, ఎంటర్ నొక్కండి. టీవీలో బొమ్మ శుభ్రంగా, గీతలు లేకుండా వస్తే గ్రాఫిక్స్ దాదాపుగా నిర్దోషి. దాదాపుగా అని ఎందుకన్నానంటే, రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉన్న కొన్ని గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ ఒకదానికి, లోపలి తెర మరొకదానికి కలిపి ఉంటాయి. మాస్టారి యంత్రం మామూలు రకమైతే ఆ చిక్కు ఉండదు.

మీరు రాసినదాంట్లో నన్ను ఆపిన మాట ఒకటుంది. తెరను వెనక్కి వంచగానే మిణుకుమని పోయిందన్నారు. నాకు ముందుగా అనుమానం వచ్చేది కీలు దగ్గరి కేబుల్ మీదే.

తెర_వెనుక:

పై సమాధానం పూర్తిగా సరైనది. ఇదే ఇబ్బందితో ఇక్కడికి వచ్చే ఇతరుల కోసం రెండు విషయాలు చేరుస్తాను. ఆన్ చేయగానే కంపెనీ లోగో చక్కగా కనిపించి, విండోస్ మొదలయ్యాక నల్లబడితే లోపం చాలావరకు డ్రైవర్‌లో ఉంటుంది. అప్పుడు సేఫ్ మోడ్‌లోకి (విండోస్ అత్యవసరమైన వాటితో మాత్రమే నడిచే పద్ధతి) వెళ్లి, డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే డ్రైవర్‌ను పాత వెర్షన్‌కు మార్చాలి. లోగో కూడా రాకపోతే, అంటే మాస్టారి పరిస్థితిలో, విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం వల్ల ఏ ప్రయోజనమూ లేదు, ఉన్న ఫైళ్లు పోయే ప్రమాదం తప్ప. ఎవరైనా దుకాణంలో ముందు ఫార్మాట్ చేసి చూద్దామంటే ఒప్పుకోకండి.

రెండోది అయస్కాంతం. మూత మూసినప్పుడు తెర ఆరిపోవడానికి ల్యాప్‌టాప్‌లో ఒక సెన్సార్ ఉంటుంది, అది అయస్కాంతాన్ని పసిగట్టి పనిచేస్తుంది. అయస్కాంతపు ఫ్లిప్ కవర్ ఉన్న ఫోన్‌ను కీబోర్డు పక్కన, అరచేయి ఆనించే చోట పెడితే మూత మూశారనుకుని యంత్రం నిద్రలోకి పోవచ్చు. ఒక ల్యాప్‌టాప్ మీద మరొకటి పెట్టినా ఇదే జరగవచ్చు.

కొన్ని కంపెనీలు ప్యానెల్‌కు సొంత పరీక్షను కూడా పెట్టాయి. డెల్ వాటిలో యంత్రం ఆపి ఉండగా డి మీటను నొక్కి పట్టుకుని పవర్ బటన్ నొక్కితే తెర నిండా రంగులు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి.

నల్లమల:

ఫైళ్ల గురించి ఒక మాట. విండోస్ 11 ఉన్న యంత్రాలు చాలావాటిలో డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి (కీ లేకుండా చదవలేని రూపంలో) ఉంటుంది, యజమానికి ఆ సంగతి తెలియకపోవచ్చు కూడా. డిస్క్ తీసి వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే, లేదా బోర్డు మారిస్తే, 48 అంకెల బిట్‌లాకర్ (విండోస్‌లోని ఎన్‌క్రిప్షన్ సదుపాయం) రికవరీ కీ అడుగుతుంది. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రంగా ఉంటుంది. ఫోన్‌లో ఆ ఖాతాలోకి వెళ్లి ఇప్పుడే చూసి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. టీవీలో బొమ్మ వస్తే మాత్రం ఇవేవీ అక్కరలేదు, మీ పాస్‌వర్డ్‌తోనే లోపలికి వెళ్లి ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు. ఏ దుకాణానికి ఇచ్చే ముందైనా ఆ పని పూర్తి చేయండి.

గణితం_మాస్టారు:

అందరికీ కృతజ్ఞతలు. చెప్పిన వరుసలోనే అన్నీ చేశాను. పవర్ బటన్ పట్టుకున్నా మార్పు రాలేదు. నాలుగు మీటలు నొక్కినప్పుడు బీప్ స్పష్టంగా వినిపించింది. టార్చి వేసి ఎంత వెతికినా తెర మీద ఏ మసక బొమ్మా కనిపించలేదు. టీవీకి కలపగానే పాస్‌వర్డ్ అడిగే పుట కనిపించింది, బొమ్మ ఎక్కడా చెదరలేదు. ప్రశ్నల నిధి మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి, ఇంకొక నకలు ఆన్‌లైన్ డ్రైవ్ ఖాతాలోకి ఎక్కించాను. రికవరీ కీ కూడా దొరికింది.

చివరగా మూతను నెమ్మదిగా ముందుకు వంచుతుంటే, ఒక కోణం దగ్గర తెర మీద అడ్డంగా గీతలు వచ్చి, క్షణం పాటు మొత్తం బొమ్మ కనిపించి, మళ్లీ పోయింది. ఇది కేబుల్ అని తేలినట్టేనా?

బోర్డు_బెంచ్:

కోణాన్ని బట్టి బొమ్మ వచ్చిపోతోందంటే కేబుల్ గాని, దాని రెండు చివర్లలో ఒక కనెక్టర్ గాని. ప్యానెల్ పోయి ఉంటే మూత కదిపినందుకు మొత్తం బొమ్మ అంత చక్కగా తిరిగి రావడం అరుదు. టార్చి వెలుగులో ఏమీ కనిపించకపోవడం కూడా దీనికి సరిపోతుంది, ఎందుకంటే ఆ కట్టలో బొమ్మ తీసుకువెళ్లే తీగలే తెగాయి.

దయచేసి ఇక మూతను కదపకండి. ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఆ కట్టలో బ్యాక్‌లైట్‌కు వెళ్లే ఎక్కువ వోల్టేజీ తీగ, బొమ్మ సంకేతాల సన్నని తీగల పక్కనే ఉంటుంది. పైపొర అరిగిన చోట అవి రెండూ తగిలితే ఇందాక చెప్పిన ఫ్యూజు పోవచ్చు, ప్యానెల్ గాని, బోర్డులో గ్రాఫిక్స్ భాగం గాని దెబ్బతినవచ్చు. ఇప్పుడు కేబుల్‌తో పోయేది అప్పుడు నిజంగానే బోర్డు దాకా వెళుతుంది.

బాగుచేసే చోట కచ్చితంగా చూడవలసినది, డిస్‌ప్లే కేబుల్ ముట్టుకునే ముందు చార్జర్ తీయడంతో సరిపెట్టకుండా లోపలి బ్యాటరీ కనెక్టర్‌ను కూడా విడదీశారా లేదా అన్నది. బ్యాటరీ తగిలి ఉండగా ఆ కేబుల్ లాగడం, పెట్టడం వల్ల ఫ్యూజులు పోయిన బోర్డులు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి. ముందు రెండు చివర్లా కనెక్టర్‌ను తీసి సరిగా కూర్చోబెట్టి చూడమనండి. కొన్నిసార్లు దానితోనే సరిపోతుంది. తెగిన తీగలకు టేపు చుట్టి ఇస్తామంటే వద్దనండి, అది మళ్లీ కీలు దగ్గరే తెగుతుంది.

కొత్త కేబుల్ తెప్పించేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్ పేరు ఒక్కటే చాలదు. ఒకే మోడల్‌లో 30 పిన్నులది, 40 పిన్నులది రెండూ ఉండవచ్చు. టచ్ తెరకు వేరు, మామూలు తెరకు వేరు. పాత కేబుల్ మీద అంటించిన చీటీలో పార్ట్ నంబర్ ఉంటుంది, దానిని ఫొటో తీసి అదే నంబరు అడగాలి. కేబుల్ మార్చాక కీలు మరలు బిగువుగా ఉన్నాయా, మూత మరీ బిర్రుగా తిరుగుతోందా అన్నది కూడా చూడమనండి. కీలు పట్టేసి ఉంటే కొత్త కేబుల్ కూడా అక్కడే నలుగుతుంది.

కృష్ణాతీరం:

ర్యామ్ ఎందుకు కాదో ఇప్పుడు అర్థమైంది. హైదరాబాద్ వైపు వచ్చే పని ఎవరికైనా ఉంటే సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాల దుకాణాలు చాలా ఉన్నాయి, నంబరు చూపించి అడగవచ్చు.

గణితం_మాస్టారు:

కేబుల్ వచ్చేదాకా టీవీకి కలిపి పనిచేసుకోవచ్చా? పరీక్షలు దగ్గరపడ్డాయి, ప్రశ్నపత్రం ఆపలేను.

బోర్డు_బెంచ్:

చేసుకోవచ్చు. విండోస్, పి నొక్కి, చివర ఉండే సెకండ్ స్క్రీన్ ఓన్లీ ఎంచుకోండి. లోపలి తెరను విండోస్ ఆపివేస్తుంది, కాబట్టి ఆ కేబుల్ మీద భారం తగ్గుతుంది. మూతను ఇప్పుడున్న కోణంలోనే వదిలేసి, వేరే కీబోర్డు, మౌస్ తగిలించుకోండి. మూసి వాడితే కీబోర్డు సందుల్లోంచి పోవలసిన వేడి కొన్ని యంత్రాల్లో లోపలే నిలిచిపోతుంది, పైగా తెరిచి మూసిన ప్రతిసారీ ఆ కేబుల్ మళ్లీ వంగుతుంది. ఒక చోటి నుంచి మరొక చోటికి తీసుకువెళ్లక తప్పకపోతే, పూర్తిగా షట్ డౌన్ చేసి, చార్జర్ తీశాక ఒకే ఒకసారి మూయండి.