ఆప్షన్స్‌లో నష్టాలకి కారణం డిసిప్లిన్ లేకపోవడమేనా?

తెనాలి_రవళి:
మా తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ నిఫ్టీ వీక్లీ ఆప్షన్స్ (నిఫ్టీ సూచీ పెరుగుతుందో పడుతుందో అని వారం గడువుతో కట్టే పందెం లాంటి కాంట్రాక్టులు) కొంటుంటాడు. పెట్టుబడి 50 వేలు. డబ్బు పోయినప్పుడల్లా "నాకు డిసిప్లిన్ లేదక్కా, ప్లాన్ ప్రకారం చేసుంటే వచ్చేది" అంటాడు. కోర్సులో నేర్పినవాళ్లూ అదే చెప్పారట. నిజంగా లోపం వాడిదేనా?

నిఫ్టీ_నరసింహం:
ముమ్మాటికీ అదేనమ్మా. ఎక్కడ కొనాలి, ఎక్కడ బయటపడాలి, ఎంత పోతే ఆ రోజుకి ఆపెయ్యాలి, ఇవన్నీ మార్కెట్ తెరవకముందే రాసిపెట్టుకోవాలి. 2024 జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ చూసి నిఫ్టీ 3 శాతం పైగా ఎగిరింది. మర్నాడు ఫలితాలొచ్చాక దాదాపు 6 శాతం పడింది. అలాంటి రోజున "మళ్లీ లేస్తుందిలే" అని పడేకొద్దీ ఇంకా కొని యావరేజ్ చేసేవాడిని ఎవరూ కాపాడలేరు. అదే ఏడాది సెప్టెంబరులో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఫ్యూచర్స్, ఆప్షన్స్ మీద ఇచ్చిన నివేదిక చూడండి. వరసగా నష్టపోయినవాళ్లలో 75 శాతం పైగా మానకుండా ఆడుతూనే ఉన్నారు. ఇది క్రమశిక్షణ లోపం కాక ఇంకేమిటి?

లెక్కల_మాస్టారు:
నరసింహం గారూ, అదే నివేదికలో మూడేళ్లలో 93 శాతం మంది వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయారని కూడా ఉంది. పోయిన మొత్తం 1.8 లక్షల కోట్ల పైమాటే. అంతమందికీ నిగ్రహం లేదనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

రవళి గారి తమ్ముడి లెక్కే వేద్దాం. ఒక ట్రేడ్‌లో పెట్టుబడిలో ఒక శాతానికి మించి పోకూడదన్నది అందరూ చెప్పే సూత్రం. 50 వేలకి అది 500 రూపాయలు. నిఫ్టీ లాట్ (ఒకేసారి కనీసం కొనాల్సిన సంఖ్య) 65, కాబట్టి ప్రీమియం (ఆప్షన్ ధర) ఒక పాయింటు పడితే 65 రూపాయలు పోతాయి. అంటే ఆ అబ్బాయి స్టాప్‌లాస్ (ఇంతకి పడితే అమ్మేయాలని ముందే పెట్టుకునే ధర) ఏడున్నర పాయింట్ల దూరంలో ఉండాలి. ఎక్స్‌పైరీ (గడువు తీరే) రోజున ప్రీమియం అంతమాత్రం ఊగడానికి నిమిషం చాలు. స్టాప్ దగ్గర పెడితే ఊరికే కొట్టేస్తుంది, దూరం పెడితే సూత్రం పోతుంది. ఎంత నిష్ఠగా ఉన్నా ఆ డబ్బుతో ఆ ప్లాన్ నడవదు. ఇందులో కుర్రాడి తప్పేముంది?

కేపీహెచ్‌బీ_కుర్రాడు:
ఇంకోటి మాస్టారూ. ఆప్షన్స్‌లో మార్కెట్ రేటుకి కొట్టే స్టాప్‌లాస్ ఆర్డర్‌ని స్టాక్ ఎక్స్ఛేంజీ ఎన్‌ఎస్‌ఈ 2021లోనే తీసేసింది. ఇప్పుడు ట్రిగ్గర్ (ఆర్డర్ మేలుకునే ధర) 80, లిమిట్ (అంతకంటే తక్కువకి అమ్మని ధర) 78 అని పెట్టుకోవాలి. ప్రీమియం 82 నుంచి ఒక్కసారిగా 71కి జారితే ఆర్డర్ పెండింగ్‌లోనే ఉండిపోతుంది. ప్లాన్ పాటించినా దెబ్బ తప్పదు.

నిఫ్టీ_నరసింహం:
అందుకేగా హెడ్జ్ చేసుకోమనేది! 100 పెట్టి ఒక ఆప్షన్ కొని, నష్టానికి అడ్డుకట్టగా అదే రకం, అదే గడువుది ఇంకోటి 60కి అమ్మితే పోయేది 40 పాయింట్లే. ఎంత పడినా అంతకుమించి పోదు.

లెక్కల_మాస్టారు:
40ని 65తో గుణించండి. 2,600. అంటే 50 వేలలో 5 శాతం పైనే. హెడ్జ్ మంచిదే, కాదనను, కానీ ఈ పెట్టుబడికి అదీ బరువే. ఖర్చులు వేరే. సెబీ లెక్కలో 2023-24లో ఒక్కొక్కరికీ సగటున 26 వేలు లావాదేవీల ఖర్చులకే అయ్యాయి. 50 వేల వాడికి అది సగానికి పైమాటే కదా.

క్యాష్ మార్కెట్‌లో (నేరుగా షేర్లు కొనే చోట) అయితే ఈ ఇబ్బంది ఉండదు. 400 రూపాయల షేరు, 20 రూపాయల స్టాప్, 25 షేర్లు: పోతే 500. రాత్రికి రాత్రి గ్యాప్‌డౌన్ (మర్నాడు ధర ఒక్కసారిగా కిందే తెరుచుకోవడం) భయం ఉన్నా, ప్లాన్ కనీసం కాగితం మీదైనా కుదురుతుంది.

నిఫ్టీ_నరసింహం:
సరే, 50 వేలకి కుదరదని ఒప్పుకుంటాను. 3 లక్షలు చేర్చుకుని రమ్మనండి. అప్పుడు స్టాప్ 46 పాయింట్లు వస్తుంది, డిసిప్లిన్ పనిచేస్తుంది.

లెక్కల_మాస్టారు:
స్టాప్ సరిపోతుంది, నిజమే. ఆ పద్ధతిలో ఖర్చులు పోను లాభం మిగులుతుందని ఎవరు చెప్పారు? డిసిప్లిన్ నష్టాన్ని అదుపులో పెడుతుందండీ, లేని లాభాన్ని తెచ్చిపెట్టదు. పాత ట్రేడ్లు తీసి చూడకుండా ఆ అబ్బాయిని ఇంకో రెండున్నర లక్షలు తెమ్మనకండి.

తెనాలి_రవళి:
మాస్టారూ, ఆ పాత ట్రేడ్లే తీయిస్తాను. బ్రోకరేజీ, ఎస్‌టీటీ (లావాదేవీ పన్ను), జీఎస్‌టీ అన్నీ కలిపి కనపడాలంటే ఏది డౌన్‌లోడ్ చేయమనాలి?

కేపీహెచ్‌బీ_కుర్రాడు:
బ్రోకర్ సైట్‌లో ట్యాక్స్ పీఅండ్‌ఎల్ (లాభనష్టాల పట్టిక) అని ఉంటుందక్కా. ఏడాది మొత్తానిది తీయమనండి, ఖర్చులు విడిగా చూపిస్తుంది.