ఫ్రెడోని చంపాల్సిన అవసరం మైకేల్‌కి నిజంగా ఉందా? (గాడ్‌ఫాదర్ రెండో భాగం)

రెండో ఆట:
సినిమా వచ్చి యాభై ఏళ్లు దాటింది, 1974 డిసెంబర్‌లో విడుదల. ఈ పంచాయితీ మాత్రం ఇంకా తెగలేదు. చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, కథ మొత్తం చెప్పేస్తున్నా.

మైకేల్ ఒక మాఫియా కుటుంబానికి పెద్ద, ఫ్రెడో అతని అన్న. నా వాదన ఒక్కటే. ఫ్రెడోని చంపడానికి మైకేల్‌కి వ్యాపారం వైపు నుంచి కారణం లేదు. తర్వాత ఎవరెన్ని పేర్లు పెట్టుకున్నా అది కక్షే.

జరిగింది గుర్తు చేస్తాను. 1958లో లేక్ టాహో ఇంట్లో మైకేల్ పడగ్గది మీద తుపాకులు పేలాయి. భార్య కే ఆ గదిలోనే ఉంది, పిల్లలు అదే ఇంట్లో ఉన్నారు. చేయించింది మైకేల్‌తో వ్యాపార బేరం నడుపుతున్న మయామీ ముసలాయన హైమన్ రోత్. రోత్ మనిషి జానీ ఓలాకి లోపలి నుంచి సాయం చేసింది సొంత అన్న ఫ్రెడో. ఏ సాయం చేశాడో సినిమా ఎక్కడా విడమర్చి చెప్పదు. హవానాలో తాగిన మత్తులో నోరు జారి దొరికిపోయాడు. తర్వాత బోట్‌హౌస్‌లో నిలదీస్తే, "చంపుతారని నాకు తెలీదు, బేరంలో నువ్వు మొండికేస్తున్నావని చెప్పారు, సాయం చేస్తే నాకూ ఏదో దక్కుతుందన్నారు" అన్నాడు. పైగా మైకేల్ మీద విచారణ చేస్తున్న సెనేట్ కమిటీ లాయరు రోత్ మనిషేనన్న సంగతి కూడా తనే చెప్పాడు. అది మైకేల్‌కి పనికొచ్చే కబురు. అంతా విని బయటికొచ్చిన మైకేల్ తన అంగరక్షకుడు ఆల్ నెరితో అన్న మాట ఏంటి? "అమ్మ బతికున్నంత కాలం వాడికేమీ కాకూడదు." అమ్మ పోయాక, చెరువులో పడవ మీద ఉన్న ఫ్రెడోని ఆ నెరి చేతే కాల్పించేశాడు.

సినిమా చివరికొచ్చేసరికి ఫ్రెడో చేతిలో డబ్బు లేదు, మనుషులు లేరు, పెళ్లాం లేదు. తమ్ముడి కొడుకు ఆంథోనీకి గాలం వేయడం నేర్పుకుంటూ కూర్చున్నాడు. వాడి వల్ల ఎవరికి ప్రమాదం?

అరండల్‌పేట అబ్బాయి:
మీరు ఒక సీను దాటేశారు బ్రదర్. కాల్పులైన తర్వాత అర్ధరాత్రి ఓలా ఫ్రెడోకి ఫోన్ చేస్తాడు. "మీరు నాతో అబద్ధం చెప్పారు, ఇక నాకు ఫోన్ చెయ్యొద్దు" అంటాడు ఫ్రెడో. అంటే ఆ క్షణానికి వాడికి అంతా తెలుసు. చంపాలని చూసింది ఎవరో తెలుసు, తనని వాడుకున్నారనీ తెలుసు. మరి పొద్దున్నే తమ్ముడి దగ్గరికి వెళ్లి కాళ్ల మీద పడ్డాడా? లేదు. హవానాలో ఓలాని ఎదురుగా పెట్టి పరిచయం చేస్తుంటే, ఎప్పుడూ చూడనట్టు కరచాలనం చేశాడు.

ముందు చేసింది తెలివితక్కువతనం అనుకుందాం. తర్వాత చేసింది మాత్రం ద్రోహమే. "ఇంటి గుట్టు లంకకు చేటు" అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

నీలాంబరి:
లంక సామెత ఇక్కడ అతకదండీ. విభీషణుడు అన్న ముఖం మీదే "నువ్వు చేసేది తప్పు" అని చెప్పి, ఆ తర్వాత అవతలి గట్టుకి వెళ్లాడు. ఫ్రెడోకి గట్లూ లేవు, ధర్మమూ లేదు. "నేను అన్నని, నన్ను దాటేసి నిన్ను పెద్దవాణ్ని చేశారు" అన్న కుళ్లు ఒక్కటే ఉంది. నైట్‌క్లబ్ చూసుకో, ఎయిర్‌పోర్టుకెళ్లి ఎవర్నో తీసుకురా, ఇవీ ఆ ఇంట్లో పెద్దవాడికి చెప్పే పనులు. తమ్ముడి ముందు చేతులు కట్టుకునే అన్నలు మన ఇళ్లలో ఎంతమంది లేరు!

మీరు వదిలేసిన ముక్క కూడా ఒకటుంది. హవానాలో మైకేల్ తన పథకం ముందుగా ఫ్రెడోకే చెబుతాడు, రోత్ కొత్త సంవత్సరం చూడడని. అప్పటికింకా అన్న మీద అనుమానం లేదు. ఫ్రెడో నిజంగా అవతలివాళ్ల మనిషైతే వెంటనే ఓలాకి చేరవేయాలి కదా? ఓలా మాత్రం ఏ అనుమానం లేకుండా హోటల్ గదిలో మెడకి తీగ బిగించి చంపించుకున్నాడు. మైకేల్ పంపిన మనిషి ఆసుపత్రిలో రోత్ మంచం దాకా వెళ్లగలిగాడు, చివరి నిమిషంలో సైనికులు కాల్చేశారు కాబట్టి ఆగింది. అంటే ఫ్రెడో ఆ రహస్యం దాచాడు. దాచి ఓలాని పోగొట్టాడు. ఆ లెక్క ఎవరూ వెయ్యరు.

ఓరుగల్లు పోరడు:
అక్కా, మీరు వకీలు పని జేస్తున్నరు గని, గీ ఇంట్ల కాయిదా ముందే ఉన్నది. మొదటి భాగంల టెస్సియో ఎవరు? మైకేల్ నాయిన విటోతోని పడుచు వయసు సంది ఉన్న దోస్తు. ఎదిరిపక్షంతోని కలిశి మైకేల్‌ను మీటింగుకు పిలిపిచ్చిండు. దొరికినంక "పాత దోస్తాన్ మీద ఇడిశిపెట్టుమని చెప్పు" అని ఆ ఇంటి వకీలు టామ్‌ను అడిగిండు. ఇడిశిపెట్టిండ్రా? లేదు. బావ కార్లోను, ఆయన కొడుక్కు జ్ఞానతండ్రిగ నిలవడి మరీ సంపిండ్రు. తమ్మి, ఫ్రెడోకు ఒక్కనికే వేరే కాయిదా ఎందుకుండాలె?

లాస్ వెగాస్‌ల మైకేల్ ముందుగాలనే చెప్పిండు గద, కుటుంబానికి ఎదురుగ ఇంకోని పక్కన ఎన్నడు నిలబడకు అని.

రెండో ఆట:
టెస్సియోకి ఆ మీటింగ్‌లో ఏం జరగబోతుందో తెలుసు. కార్లోకి, మైకేల్ పెద్దన్న సన్నీ టోల్ గేటు దగ్గర చచ్చిపోతాడని తెలుసు. ఇద్దరూ శవం లెక్క వేసుకుని చేశారు. ఫ్రెడోకి తెలియదనే నేను నమ్ముతున్నా. ఆ ఫోన్ కాల్‌లో వాడి గొంతు వినండి, తోడుదొంగ గొంతు కాదది, మోసపోయినవాడి గొంతు.

అరండల్‌పేట గారికి: తర్వాత నోరు విప్పకపోవడం తప్పే, కాదనను. చెబితే ఏమవుతుందో ఆ ఇంట్లో పుట్టినవాడికి తెలియదా? భయపడ్డాడు. హవానాలో బనానా డైకిరీ తాగుతూ, ఇలా ఇద్దరం ముందెప్పుడూ ఎందుకు కూర్చోలేదు అంటాడు చూడండి. చెప్పేయాలని గొంతుదాకా వచ్చి ఆగిపోయింది అక్కడ.

ఫిలిం డబ్బా:
మీరంతా జాన్ కజాల్ మాయలో ఉన్నారు. ఆ పాత్ర ఇంకెవరు వేసినా "చంపితే చంపాడు" అనేవాళ్లే. కుర్చీలో వెనక్కి వాలిపోయి, లేవలేక, చేతులు ఊపుతూ "నేను తెలివైనవాణ్నే, నాక్కూడా గౌరవం కావాలి" అని అరిచే ఆ ఒక్క సీనుకి ఎన్ని అవార్డులైనా ఇవ్వొచ్చు. సహాయ నటుడి విభాగంలో ఇదే సినిమా నుంచి డి నీరో, గాజో, స్ట్రాస్‌బర్గ్ ముగ్గురికి ఆస్కార్ నామినేషన్ వస్తే కజాల్‌కి రాలేదు. చేసింది ఐదే సినిమాలు, ఐదూ ఉత్తమ చిత్రం నామినేషన్‌కి వెళ్లాయి. 1978లో పోయాడు.

అన్నట్టు పడగ్గది కర్టెన్లు తీసిందెవరు? లోపలికొచ్చిన ఇద్దరు హంతకులని చంపిందెవరు? ఫ్రెడో అనడానికి సినిమాలో ఒక్క రుజువూ లేదు. అది తేల్చకుండా తీర్పులేంటి? ఇంకో మాట, మొదటి భాగమే గొప్ప...

నిర్వాహకుడు:
మొదటిదా రెండోదా అన్న గొడవ ఇక్కడొద్దు. దానికి వేరే చర్చ నడుస్తోంది, అక్కడ తిట్టుకోండి.

అరండల్‌పేట అబ్బాయి:
కర్టెన్ల సంగతి వదిలేద్దాం, ఎవరి దగ్గరా జవాబు లేదు. నేను మైకేల్ కుర్చీలో కూర్చుని ఆలోచిస్తున్నా. ఫ్రెడో చెడ్డవాడు కాదు, బలహీనుడు. ఆ వ్యాపారంలో చెడ్డవాడి కంటే బలహీనుడే ప్రమాదం. ఒకసారి ఎవడో వచ్చి "నీకూ ఏదో దక్కుతుంది" అంటే కరిగిపోయాడు. రేపు ఇంకొకడు వస్తాడు. కుటుంబానికి ఎదురు తిరిగి సాక్షిగా మారిన పాత మనిషి పెంటాంజెలీ సెనేట్ ముందు మాట మార్చాడు కాబట్టి మైకేల్ బయటపడ్డాడు, ప్రభుత్వానికి కావలసింది ఇంకో సాక్షి. కుటుంబంలో పుట్టినవాడు, హవానాలో పక్కనే ఉన్నవాడు ఫ్రెడో. అలాంటివాణ్ని చెరువు ఒడ్డున పెట్టుకుని ఎవరైనా నిద్రపోతారా?

రెండో ఆట:
ఇదే నాకు కావలసిన మాట. ప్రమాదమైతే అమ్మ పోయేదాకా ఎందుకు ఆగాడు?

రోత్ ప్రమాదం, అందుకని ఏ దేశమూ రానివ్వక తిరిగొచ్చి చావుకి దగ్గరగా ఉన్న ముసలాణ్ని కూడా ఎయిర్‌పోర్టులో పోలీసుల మధ్య చంపించాడు. ఆ పనికి వెళ్లిన రోకో అక్కడే పోయాడు. అంత తొందర ఉన్న మనిషి, ఫ్రెడో విషయంలో మాత్రం తల్లి చనిపోయేదాకా వేచి చూశాడు. ఈలోగా ఫ్రెడో ఎవర్నీ కలవలేదు, ఎవరికీ ఏమీ చెప్పలేదు. తల్లి పోయేదాకా ఆగగలిగితే అది ప్రమాదం కాదండీ, వాయిదా వేసిన శిక్ష.

అరండల్‌పేట అబ్బాయి:
శిక్ష అనుకుందాం. శిక్ష కూడా ఆ వ్యాపారంలో భాగమే. బాస్ పడగ్గదిని అమ్మినవాడు అన్న అయినంత మాత్రాన బతికిపోతే, కింద ఉన్న ప్రతివాడూ తన ధర ఎంతో లెక్కేసుకుంటాడు. నలుగురికీ తెలియాలి.

నీలాంబరి:
నలుగురికీ తెలియాలంటే దాచకూడదు కదా? ఫ్రెడో నీళ్లలో మునిగిపోయాడని చెప్పారు. 1990లో వచ్చిన మూడో భాగంలో మైకేల్ చెల్లెలు కోనీ అదే మాట అంటుంది, పాపం ఫ్రెడో, మునిగిపోయాడు, దేవుడి చిత్తం అని. అందరికీ పాఠం చెప్పడానికి చేసిన హత్యని ప్రమాదమని ప్రచారం చేసుకునేవాడు ఎవడైనా ఉంటాడా? ఎవరికి తెలియకూడదో వాళ్లకే తెలిసింది చివరికి. ఆంథోనీకి తెలుసని భార్య కే, మైకేల్ ముఖం మీదే చెబుతుంది.

కోనీ విషయంలో నాకు ఒళ్లు మండేది ఇంకొకటుంది. అమ్మ శవపేటిక ఇంట్లో ఉండగా ఫ్రెడోని క్షమించమని మైకేల్ చెయ్యి పట్టుకుని బతిమాలింది ఆమే. ఆ మాట మీదే మైకేల్ వెళ్లి అన్నని కావలించుకున్నాడు, అన్న భుజం మీదుగా నెరి వైపు చూశాడు. తర్వాత పడవ కదిలే ముందు "ఆంథోనీని మైకేల్ రీనో తీసుకెళ్తాడట, పంపించు" అని ఒడ్డు మీద నుంచి కేక వేసింది కూడా కోనీయే. ఏం జరుగుతుందో ఆమెకి తెలుసని నేననుకోను. అన్నకి క్షమాపణ అడిగిన నోటితోనే పిల్లాణ్ని పడవ దింపించాడు. ఇందులో మీకు వ్యాపారం ఎక్కడ కనిపిస్తోంది? నాకు విషం కనిపిస్తోంది.

ఓరుగల్లు పోరడు:
మూడో భాగంను సాక్ష్యానికి తేవొద్దక్కా. 1974ల తీసినప్పుడు గా సినిమానే లేదు. రెండో భాగంల ఉన్నదాని మీద మాట్లాడుండ్రి.

పాఠం అందరికి అవసరం లేదు. తెలువాల్సినోళ్లకు తెలిస్తె సాలు. టామ్ హేగన్‌ను జూడుండ్రి. "గెలిశినవు గద, ఇంక అందర్ని తుడిచిపెట్టాల్నా" అని అడిగిండు. "అందర్ని గాదు, నా దుష్మన్లనే" అన్నడు మైకేల్. గంతటితోని ఆగిండా? నాతోని ఉంటవా, లేకుంటె పెండ్లాం పిల్లల్ని, ఉంచుకున్నదాన్ని తీస్కోని వెగాస్ పోతవా అన్నడు. టామ్ కూడ అన్న లెక్కనే గద. పాఠం గాయనకే.

రెండో ఆట:
మంచి సీను పట్టుకున్నారన్నా. కాకపోతే ఆ సీను జరిగేటప్పటికి ఫ్రెడో బతికే ఉన్నాడు. టామ్ అప్పుడే లొంగిపోయాడు, మైకేల్ ఏం కావాలంటే అది చేస్తానన్నట్టు కూర్చున్నాడు. నేరుగా వెళ్లి పెంటాంజెలీని కలిసి, రోమన్ల కాలంలో కుట్ర చేసి దొరికినవాళ్లు నరాలు కోసుకుంటే కుటుంబాల ఆస్తి మిగిలేదని మెత్తగా చెప్పి వచ్చాడు. భయం పుట్టడానికి ఫ్రెడో శవం అక్కర్లేకపోయింది.

పడవలో తుపాకీ పేలినప్పుడు చూసేది ఎవరు? ఇంట్లో గాజు కిటికీ వెనక మైకేల్ ఒక్కడే. టామ్ లేడు, రోకో అప్పటికే పోయాడు.

అరండల్‌పేట అబ్బాయి:
విటో అయితే చేసేవాడు కాదు అంటారేమో తర్వాత. విటో కూడా సన్నీ పోయాక పగ మానేస్తున్నానని ఐదు కుటుంబాల ముందు ఒట్టేశాడు. అది మైకేల్‌ని సిసిలీ నుంచి క్షేమంగా తెచ్చుకోవడానికి. తర్వాత మైకేల్ చేత ఆ పగ తీర్చుకునే ఏర్పాటంతా చేసి పెట్టాడు. సిసిలీలో ఇరవై ఏళ్లు ఆగి డాన్ చిచ్చోని పొట్ట చీల్చినవాడి కొడుకే మైకేల్, ఆగడం నాన్న దగ్గరే నేర్చుకున్నాడు.

నా ప్రశ్నకి జవాబివ్వండి చాలు. రేపు ప్రభుత్వం వాళ్లు ఫ్రెడోని ఒక గదిలో కూర్చోబెట్టి రెండు మంచి మాటలు చెబితే ఎంతసేపు ఆగుతాడు?

నీలాంబరి:
సిసిలీలో విటో చంపింది తన తల్లిదండ్రుల్ని, అన్నని చంపించినవాణ్ని. అదే విటో, పసిబిడ్డ ఫ్రెడో న్యుమోనియాతో ఏడుస్తుంటే తట్టుకోలేక గుమ్మం దగ్గర నిలబడి కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ బిడ్డనే మైకేల్ చంపించాడు. ఇద్దరి పగా ఒకటే అంటే ఎలా?

మీ ప్రశ్నకి జవాబు ఆ సినిమాలోనే ఉంది. పెంటాంజెలీని ఎఫ్‌బీఐ వాళ్లు సైనిక స్థావరంలో పెట్టి కాపలా కాశారు. మైకేల్ ఒక్క బుల్లెట్ వాడలేదు. సిసిలీ నుంచి అతని తోడబుట్టినవాణ్ని తెచ్చి సెనేట్ హాల్లో కూర్చోబెట్టాడు. ఆ మనిషి నోరు విప్పలేదు, ఊరికే చూశాడు. పెంటాంజెలీ ఉన్నపళంగా మాట మార్చేశాడు. ఫ్రెడో నోరు మూయించడానికి సిసిలీ దాకా వెళ్లే పని కూడా లేదు, తోడబుట్టినవాడు ఆ ఇంట్లోనే ఉన్నాడు.